పప్పు ఉడకని నీళ్లు

ఈ ఇంటి బోరు నీళ్లకి పప్పు ఉడకదు.
సబ్బు నురగ రాదు, తల జిడ్డు వదలదు,
టీ గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది.
చుట్టూ చూస్తే కాలవ, చెరువు, మళ్లీ కాలవ.
తాగడానికేమో ఇరవై లీటర్ల డబ్బా.

భీమవరంలో నా పని చెరువుల నీళ్లు పరీక్షించడం.
పొద్దున్నే బైకుల మీద సీసాలొస్తాయి,
మూతల మీద పెన్నుతో చెరువుల పేర్లు.
ద్రాక్ష రంగు నీలంలోకి తిరిగేదాకా
చుక్క తర్వాత చుక్క వదులుతాను.
ఎన్ని చుక్కలు తాగితే ఆ నీళ్లు అంత మొండి.
ఒక ఆదివారం ఊసుపోక
మా బోరు నీళ్లు పట్టుకెళ్లి చూశాను.
లెక్కపెడుతూ పెడుతూ చెయ్యి నొప్పెట్టింది.

"ఇంకేం, పంట పండింది మీకు" అన్నాడు ఏసుపాదం.
జువ్వలపాలెం రోడ్డులో రంగుచేపల దుకాణం అతనిది.
"ఈ నీళ్ల కోసం మొహం వాచిపోయిన చేపలున్నాయండీ.
ఆఫ్రికాలో, సరస్సు రాళ్ల సందుల్లో పుట్టినవి.
కాలవ నీళ్లు పోస్తే నీరసించిపోతాయి."

నాలుగడుగుల తొట్టి. ముందు ఆరు నిమ్మపండు రంగువి.
దాక్కోడానికి రాళ్లు కావాలి.
ఈ ఒండ్రు నేలలో రాయెక్కడిది?
గులకరాయైనా లారీ ఎక్కి రావాల్సిందే.
వంటగట్టుకి వెయ్యగా మిగిలిన కడప బండ ముక్కలు
తాపీ మేస్త్రి దగ్గర అడిగి తెచ్చి గూళ్లు కట్టాను.
మాదీ ఆ బండల ఊరే.
"మీ మాట కాస్త గరుకండీ" అంటుంది ఇంటావిడ అచ్చాయమ్మ,
పదకొండేళ్లుగా.

తోడు ఎవర్ని వెయ్యాలన్న దగ్గర వచ్చింది చిక్కు.
ఏంజెల్ చేపల్ని చూసి మనసుపడ్డాను,
అవీ ఈ వంశమేనట.
ఏసుపాదం తల అడ్డంగా ఊపాడు:
"ఇంటిపేరు కలిస్తే సరిపోదండి, నీళ్లు కలవాలి.
అవి మెత్తటి నీళ్ల పిల్లలు.
ఆ పొడుగు రెక్కలు వీటికి పకోడీ."
అతనికి చెప్పకుండా నీలంవి రెండు మగవి తెచ్చాను.
మూడో రోజు ఒకటి ఫిల్టరు వెనక, తోక లేకుండా.
"ఒకే రంగు మగాళ్లు ఇద్దరెందుకండీ" అన్నాడు, అంతే.

అప్పటినుంచి నోటుబుక్కు పెట్టాను.
నాచు తినేవాటి పక్కన మాంసం తినేది వద్దు.
రొయ్య పెట్టకూడదు, కడుపుబ్బి చస్తాయి.
రొయ్యల ఊళ్లో ఉండి, ఇదొక ఉపవాసం.
తక్కువుంటే ఒకదాన్నే పట్టుకు తరుముతాయి,
పదిహేనుంటే ఎవర్ని తరుముతున్నదీ మర్చిపోతాయి,
పొద్దుటి నరసాపురం ప్యాసింజర్లో నిలబడ్డవాళ్లలా
మోచేతులు సర్దుకుంటాయి.
అడుగున చుక్కల జెల్ల ఒకటి,
ముళ్లు లేచిన ఆ పెద్దమనిషితో ఎవరూ పెట్టుకోరు.

మొన్న పెద్దిరాజుగారి సీసాలో
నీళ్లతోపాటు వేలెడు చేప వచ్చింది.
తిలాపియా.
"పారెయ్యండి, దండగమారిది,
రొయ్య మేతంతా మేసేస్తంది."
దీపం కింద పెట్టి చూశాను:
అదే నుదురు, అదే వీపు ముళ్ల వరస,
అడ్డమొచ్చినదాన్ని కళ్లతోనే తోసేసే ఆ చూపు.
మా తొట్టి వాళ్ల చుట్టమే.
ఏ దారిన వచ్చిందో, ఈ బురదలో ఎన్ని తరాలైందో,
పేరు మాత్రం ఇంకా దొంగల లిస్టులోనే.

తొట్టిలో వెయ్యబోయి ఆగాను.
నీళ్లు కుదిరాయి. ఒళ్లు కుదరదు:
ఆరు నెలల్లో జానెడు,
ఆ తర్వాత మిగతావాళ్లు మేత.
నోటుబుక్కులో దాని పేరు రాసి
పక్కన ఏం రాయాలో తోచక వదిలేశాను.

ఇప్పుడది పెరట్లో, బట్టలుతికే బండ పక్క
సిమెంటు తొట్టిలో ఉంది, బోరు నీళ్లలో, ఒక్కతే.
నాకు తెలియదనుకుని అచ్చాయమ్మ మెతుకులు వేస్తోంది.
అడిగితే, "పులుసుకి పెరగాలిగా" అంటుంది.
నిన్న చెంబు ముంచబోయి,
"జరగవే కాస్త" అంది దానితో,
గరుకుగానే.